ఉపపాఠ్యముగా ఒక ప్రపంచభాగము

కళాశాలలో చేరిన విద్యార్థి రసాయనశాస్త్రమునో వాణిజ్యశాస్త్రమునో ప్రధానముగా చదువును. దానితోబాటు మరియొక విషయమును తక్కువ పాళ్లలో చదువుటను 'మైనరు' అందురు. 2020 నాటి జాతీయ విద్యావిధానము వెలువడిన పిదప ఈ మాట మన యిండ్లలో గూడ వినవచ్చుచున్నది. ఆ రెండవ విషయము ఒక శాస్త్రమే కానక్కరలేదు. ఆగ్నేయాసియా, పశ్చిమాసియా, లాటిన్ అమెరికా వంటి ఒక ప్రపంచభాగము కావచ్చును. ఆ భాగపు చరిత్రను, భూగోళమును, ఆర్థికస్థితిని, భాషను ఒకచోట చేర్చి చదువుట ప్రాంతవిద్య.

ఇందువలన ఉద్యోగము వచ్చునా అని తల్లిదండ్రులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. జవాబు కొరకు మేము శ్రోతలను దూరదేశములకు గాక, భద్రాచలమునకు దిగువనున్న గోదావరీతీరమునకు తీసికొనిపోదలచితిమి.

1939లో ప్రపంచయుద్ధము మొదలగునప్పటికి క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా పండితుడు మన దేశమున నుండెను. ఆయన చేతిలోనిది జర్మను పాస్‌పోర్టు. శత్రుదేశీయుడని ఆంగ్లప్రభుత్వము ఆయన సంచారమును హైదరాబాదు రాజ్యమునకు పరిమితము చేసెను. ఆ నిర్బంధమే మనకు మేలైనది. మొదట చెంచుల నడుమ, పిదప పాపికొండల కొండరెడ్ల నడుమ ఆయన నివసించెను. కొండరెడ్లను గూర్చిన గ్రంథము 1945లో అచ్చయ్యెను. పోడు వ్యవసాయము, జీలుగుచెట్టు, కరవునాట మామిడిజీడి పిండితో కడుపు నింపుకొనుట, కులదేవతల కొలుపులు, అన్నియు నందున్నవి. వానితోబాటు కలప, వెదురు వర్తకులు అప్పుల మిషతో ఆ జనులను ఎట్లు కట్టివేసిరో గూడ నున్నది. కొలుపును వర్ణించి అప్పును విడిచిపెట్టిన గ్రంథము సగము గ్రంథమని మా యభిప్రాయము.

1945లో ఆయన నిజాం ప్రభుత్వమునకు గిరిజన వ్యవహారముల సలహాదారుడయ్యెను. ఆదిలాబాదు గోండుల కొరకు మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణకేంద్రము వెలసినది, గోండీ వాచకములు తయారైనవి. ఒక ప్రాంతమును చదివిన చదువు బడిగాను, పట్టాగాను మారుటకు ఇదియొక నిదర్శనము. 1951లో ఆయన లండను ప్రాచ్య, ఆఫ్రికా విద్యాలయమున ఆచార్యుడయ్యెను.

ఆ విద్యాలయము 1916లో పుట్టినది. సామ్రాజ్యమును నడుపువారికి తూర్పుభాషలు నేర్పుట దాని తొలి ప్రయోజనములలో నొకటి. ఈ మాట దాచవలసిన పని లేదు. అమెరికాలోను అంతే. 1957లో రష్యా స్పుత్నిక్ పైకి పోగా, మరుసటి యేటనే విదేశభాషల చదువునకు ధనమిచ్చు శాసనము వచ్చెను. మనము కొన్న గోధుమల వెల రూపాయలలో మన దేశముననే నిలువయుండగా, 1962 నుండి ఆ సొమ్ముతో తెలుగు పుస్తకములు గూడ అమెరికా గ్రంథాలయములకు చేరినవి. విస్కాన్సిన్‌లో వెల్చేరు నారాయణరావుగారు తెలుగు బోధించిరి. మనవైపున 1964లో ఉస్మానియా ప్రాంగణమున అమెరికా అధ్యయన పరిశోధనకేంద్రము నెలకొన్నది. తిరుపతి విశ్వవిద్యాలయమున ఆగ్నేయాసియా అధ్యయనములకు కేంద్రమేర్పడినది.

ప్రాంతము హద్దులు ఎవరు గీచిరి అన్నది ఈ విద్యలో తొలి పాఠము కావలెను. 'ఆగ్నేయాసియా' అను పేరు 1943లో మిత్రరాజ్యములు నెలకొల్పిన సైనికాధిపత్యము వలన లోకమున పాతుకొన్నది. నాడు ఆ అధిపత్యమున చేరిన సింహళము నేటి పాఠములలో దక్షిణాసియాలో నున్నది! మన భద్రాచలమునే చూడుడు. తూర్పుగోదావరి నుండి 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చెను. 2014లో కూనవరము, చింతూరు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోగా పట్టణము తెలంగాణలో నిలిచెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడెను. కోయభాష మాత్రము ఈ రెండు రాష్ట్రములలోను, ఛత్తీస్‌గఢ్, ఒడిశాలలోను వినబడుచునే యున్నది. కొండరెడ్ల పల్లెలు పెక్కు పోలవరము ముంపున చేరినవి. వాని వెనుకటి బ్రతుకు తెలియగోరువారికి 1945 నాటి ఆ గ్రంథము నేడు దస్తావేజు వంటిది.

ఇక ఉద్యోగము మాట. ఒంటరిగా ఈ చదువు అన్నము పెట్టుట అరుదు. ప్రధానపాఠ్యముతో జతపడినప్పుడే దీనికి బలము. అరబ్బీ కొంత వచ్చి, పశ్చిమాసియా చరిత్ర తెలిసిన వాణిజ్య పట్టభద్రునికి, కోయమాట తెలిసిన వైద్యునికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కాని భాష లేని ప్రాంతవిద్య పటము చూచి తృప్తిపడుట వంటిది. కనుక ప్రవేశమునకు పోవునప్పుడు అడుగవలసినవి రెండు: భాషను ఎన్ని సెమిస్టర్లు బోధింతురు? దానిని మాటలాడువారితో విద్యార్థి కొన్ని దినములైనను గడుపుటకు ఏర్పాటున్నదా?