ఖాళీ గడి, మూసిన గడి
(బరంపురమున మన సంఘ సర్వసభ్య సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘభవనమును, అతిథి గదులను ఇకమీదట ఆన్‌లైనులో బుకింగు చేయు పద్ధతిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. యంత్రమును నడపుట కష్టము కాదు. ఏ దినములను ఇతరులకీయవలెను, ఏ దినములను మనకై ఉంచుకొనవలెను అను నిర్ణయమే కష్టము. దానిని మనము చేయనిచో యంత్రమే చేసివేయును.

ఇంతవరకు గుమాస్తాగారి పుస్తకములో వ్రాయని సంగతులు పెక్కు ఆయన మనస్సులో నుండెడివి. ఆదివారము ఉదయము పిల్లల తెలుగు బడి యుండునని, ఉగాదినాడు పంచాంగ శ్రవణము జరుగునని, వేసవిలో సున్నములు వేయింతురని ఆయనకు తెలియును. ఎవరైన ఆ దినములను కోరినచో 'కుదరదు' అనెడివారు. యంత్రమునకు అట్టి జ్ఞాపకము లేదు. గడి ఖాళీగా నున్నచో అద్దెకు సిద్ధముగా నున్నదనియే దానికి అర్థము. అర్ధరాత్రివేళ ఎవరో ఎక్కడనుండియో సొమ్ము చెల్లించినను ఆ దినము వారిదగును. అప్పుడు బడి యున్నదని మనము చెప్పిన, తప్పు మనదే యగును.

కావున మూయుట ముందు, తెరచుట తరువాత జరుగవలెను. రైల్వేవారు ముందుగా టికెట్టు తీసికొను గడువును 2024 నవంబరు 1 నుండి 120 దినములకు బదులు 60 దినములు చేసిరి. పెండ్లివారికి రెండు నెలలు చాలవు. వారికి ఏడాది ముందుగనే భవనము కావలెను. అయితే గడువు ఎంత దీర్ఘమైన, మనము మరచిన దినములు అన్ని యెక్కువగా చేజారును. అందుచే ప్రతి సంవత్సరము క్రొత్త పంచాంగము చేతికి రాగానే కార్యవర్గము కూర్చుండి, మన దినములను మూసిన పిమ్మటనే ఆ సంవత్సరమును తెరవవలెను. 2025 సెప్టెంబరు 7 నాటి చంద్రగ్రహణమునకు తిరుమల ఆలయము మూయు వేళను దేవస్థానమువారు ముందే ప్రకటించిరి. తెలిసిన మూసివేతను ముందే చెప్పిన, వచ్చువారికి కష్టము తగ్గును. మన పట్టణమున రెండేండ్ల కొకసారి వచ్చు ఠాకురాణి యాత్రకును అట్లే తేదీలు వెలువడిన దినముననే గదుల సంగతి తేల్చవలెను.

ఇక గడులను విభజించు సంగతి. పెద్ద హాలు, భోజనశాల, గదులు వేరువేరుగా ఇచ్చుచున్నాము. భవనమంతయు కలిపియు ఇచ్చుచున్నాము. ఒక గది పోయినచో ఆ దినమునకు 'భవనమంతయు' అను గడి తనంతట తాను మూసికొనవలెను. భవనమంతయు పోయినచో గదులన్నియు మూసికొనవలెను. ఈ ముడి వేయనిచో ఒకే గదికి ఇద్దరు తాళపుచెవి అడుగుదురు. ఒకరు ఖాళీ చేసిన తరువాత ఊడ్చి కడుగుటకు పట్టు సమయమును గూడ మూసియే యుంచవలెను.

తేదీల విషయమున మనకు ప్రత్యేకమైన చిక్కు గలదు. పంచాంగమున దినము సూర్యోదయముతో మారును. యంత్రమున అర్ధరాత్రితో మారును. శుక్రవారము రాత్రి రెండు గంటలకు ముహూర్తమని మనవారు చెప్పునది యంత్రమునకు శనివారము. పెండ్లివారు శుక్రవారమును మాత్రమే తీసికొన్నచో, వధూవరులు పీటల మీద నుండగనే భవనము మరియొకరిదగును. రాత్రి ముహూర్తమునకు రెండు తేదీలును పట్టుకొనుట నియమము కావలెను. మరియొకటి: మనకు మాసము అమావాస్యతో ముగియును, ఒడియా పంజికలో పూర్ణిమతో ముగియును. మన మాఘ బహుళము ఇచ్చటివారికి ఫాల్గుణ కృష్ణపక్షము. కనుక ఎవరు తిథి చెప్పినను, దానిని ఇంగ్లీషు తేదీగా మార్చి, వారము పేరుతో సహా వారికి చదివి వినిపించిన పిదపనే నమోదు చేయవలెను.

పాత పుస్తకమును గూడ ఉంచుదమని కొందరు పెద్దలనిరి. వారి భయము మాకు తెలియును. కాని రెండు పుస్తకములున్నచో రెండు మాటలుండును. ఫోనులో అడిగినవారిని, స్వయముగ వచ్చినవారిని గుమాస్తాగారు అప్పుడే యంత్రములో వ్రాయవలెను. సాయంకాలము కాగితముపై అచ్చువేసికొని దాచుకొనుటకు అభ్యంతరము లేదు; కాగితముపై క్రొత్తగా వ్రాయుట మాత్రము కూడదు. అంతర్జాలము తెలియని వృద్ధులకు గుమాస్తాగారి బల్ల ఎప్పటివలెనే తెరచి యుండవలెను.

అకస్మాత్తుగా మూయవలసిన దినములును వచ్చును. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మన గోపాలపురము వద్దనే తీరము దాటినది. 2020 మార్చిలో దేశమంతయు మూతపడినది. అట్టి సమయమున గడిని మూసిన క్రొత్తవారు రారు; అంతకుముందే తీసికొన్నవారి బుకింగు అట్లే నిలిచి యుండును. వారికి ఒక్కొక్కరికి ఫోను చేసి, సొమ్ము తిరిగి యిచ్చుటయో, వేరు దినము చూపుటయో మనుష్యులు చేయవలసిన పని.

మూసిన ప్రతి గడికి కారణమును, మూసినవారి పేరును వ్రాయవలెను. 'మరమ్మతు' అని మూసి, తరువాత ఆప్తులకు తెరచినారను అనుమానము ఒక్కసారి పుట్టినచో సంఘముపై నమ్మకము పోవును. పరాయి రాష్ట్రమున మనకున్న ఆస్తి ఆ నమ్మకమే.

చివర ఒక్క మాట. పెండ్లి మాసములలో ఆదివారపు ఉదయములను తెరచినచో అద్దె బాగుగా వచ్చునని ఒక సూచన వచ్చినది. లెక్క సరియైనదే; భవనమునకు సొమ్ము కావలెను. కాని ఇచ్చటి మన పిల్లలలో పలువురు తెలుగు అక్షరములు దిద్దునది ఆ రెండు గంటలలోనే. మాఘమున నాలుగు వారములు, వైశాఖమున నాలుగు వారములు బడి మానినచో, పిల్లలు తిరిగి వత్తురను పూచీ ఎవరిత్తురు? బడి గడి సంవత్సరమంతయు మూసియే యుండవలెనని, దానిని తెరచు అధికారము ఏ ఒక్కరికిని కాక ఈ సభకే యుండవలెనని మా ప్రతిపాదన. సభవారు ఆలోచించి ఆమోదింతురుగాక.