లేమికి ఎన్ని పేర్లు



ఒక భాష సంపదను అంచనా కట్టేవారు సాధారణంగా ఉన్న వస్తువులకు గల పేర్లనే లెక్కిస్తారు. లేనిదానిని చెప్పడానికి ఆ భాష ఎన్ని మాటలను కూర్చుకున్నదో గమనించడం కూడా అంతే అవసరం. అనువాదకులు తరచుగా తడబడేది ఈ చోటనే. తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ, ఇంగ్లీషు ఒకే వీథిలో వినిపించే బిలాస్‌పూర్ రైల్వే పట్టణం ఇటువంటి పరిశీలనకు ఎంతో అనువైనది.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను రైల్వే కేంద్రంగా మార్చింది. 1902లో వాల్తేరు, కటకముల నడిమి తూర్పుకోస్తా మార్గం కూడా ఆ సంస్థ చేతికే వచ్చింది. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తయింది. ఈ దారులు ఉత్తరాంధ్ర కుటుంబాలను బ్రతుకుతెరువుకై ఛత్తీస్‌గఢ్‌కు చేర్చాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం బిలాస్‌పూర్‌లోనే ఉన్నది. ఇక్కడి తెలుగువారికి ఇంట తెలుగు, అంగడిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, కార్యాలయపు కాగితాలలో ఇంగ్లీషు అలవాటైన విషయమే.

ఆ కాగితాలలో లేమిని తెలిపే ఇంగ్లీషు మాటలు కొన్ని నిత్యం కనిపిస్తాయి: ఆబ్సెంట్, వేకెంట్, ఎంప్టీ, నిల్. అన్నిటికీ తెలుగులో “లేదు” అని సరిపెట్టవచ్చుననిపిస్తుంది. కాని ఆబ్సెంట్ అన్నప్పుడు మనిషి ఉన్నాడు, ఉండవలసిన చోట లేడు. వేకెంట్ అన్నప్పుడు ఉద్యోగం ఉన్నది, దానిలో మనిషి లేడు. ఎంప్టీ అన్నప్పుడు వ్యాగను ఉన్నది, సరుకు లేదు. నిల్ అన్నప్పుడు లెక్క చూడడం జరిగింది, ఏమీ తేలలేదు. గడిని ఖాళీగా వదిలితే లెక్క చూశారో లేదో తెలియదు. “నిల్” అని వ్రాసినవాడు మాత్రం ఆ లేమికి పూచీ పడుతున్నాడు.

ఈ భేదం రైలు నడకలో ప్రాణప్రదమైనది. రెండు స్టేషన్ల నడుమ మార్గంలో మరొక బండి లేదని తేలిన తరువాతనే “లైన్ క్లియర్” ఇస్తారు. వెళ్లిపోయే బండి చివరి పెట్టెపై గుర్తును స్టేషను సిబ్బంది కనిపెట్టి చూస్తారు. ఆ గుర్తు కనిపించకపోతే కొన్ని పెట్టెలు వెనుక మార్గంలోనే తెగి నిలిచిపోయి ఉండవచ్చునని అనుమానించి, రెండవ బండిని ఆ మార్గంలోకి విడువరు. “బండి లేదు” అనడానికీ, “బండి ఉన్నదో లేదో తెలియదు” అనడానికీ గల అంతరం మీద వేలాది ప్రయాణికుల క్షేమం ఆధారపడి ఉన్నది.

ఇంగ్లీషులోని “లెస్” అనే ప్రత్యయం మరొక పాఠం నేర్పుతుంది. ఇది “తక్కువ” అనే అర్థంగల లెస్ కాదు. “విడివడిన, లేని” అనే అర్థంగల వేరొక ప్రాచీన పదం నుంచి వచ్చినది. ఇది చేరిన ప్రతి మాటా లోటును చెప్పదు. ఫియర్‌లెస్ అనగా నిర్భయుడు, అది గుణమే. ప్రైస్‌లెస్ అనగా వెలలేనిది, వర్త్‌లెస్ అనగా విలువలేనిది. మొదటిది అమూల్యం, రెండవది నిరర్థకం. ఇక “ఫ్రీ” అనే మాట చివర చేరితే లేకపోవడమే మేలు. డ్యూటీ ఫ్రీ సరుకు మీద సుంకం లేకపోవడం కొనేవానికి లాభమే కదా!

హిందీ నుంచి తెలుగు చేసేటప్పుడు చిక్కులు మరింత సున్నితమైనవి. ల్యాండ్‌లెస్ అనే మాటకు హిందీలో “భూమిహీన్” అంటారు. అక్కడ అది మామూలు మాట. తెలుగులో హీనుడు అంటే నీచుడనే అర్థం కూడా ఉన్నది. “భూమి లేని కూలీ” అంటే లేమి భూమికి సంబంధించినదిగానే నిలుస్తుంది, మనిషికి అంటుకోదు. అన్‌రిజర్వ్‌డ్ పెట్టెకు హిందీ పేరు “అనారక్షిత్”. తెలుగు పాఠకుడు దానిని రక్షణలేని పెట్టె అనుకొనే ప్రమాదమున్నది. స్టేషనులో సొంతదారు కనిపించని మూటను హిందీలో “లావారిస్” అంటారు. వారసుడు లేడనే అర్థంలోనే తెలుగులోకి వచ్చిన “బేవార్సు” నేడు తిట్టుగా మారింది. మూటకు ఏమీ కాదు గాని, దిక్కులేని బిడ్డను గురించిన వాక్యంలో ఆ మాట పడితే అది అనువాదం కాదు, అవమానం.

మరొక విశేషం. “పానీ నహీఁ హై” అన్న హిందీ వాక్యం ఒంటరిగా వినబడితే నీరు లేదనీ, ఇది నీరు కాదనీ రెండు విధాలా గ్రహించవచ్చు. తెలుగులో లేదు వేరు, కాదు వేరు. ఛత్తీస్‌గఢీలోనూ ఈ భేదం ఉన్నది: లేదనడానికి “నఇయే”, కాదనడానికి “నోహయ్”. వేర్వేరు భాషా కుటుంబాలకు చెందిన ఈ రెండు భాషలు ఈ సూక్ష్మతలో ఇరుగుపొరుగులుగా నిలవడం ఆలోచింపదగినది. బిలాస్‌పూర్ తెలుగు బాలునికి ఇంటి భాషా, వీథి భాషా ఒకే జాగ్రత్తను నేర్పుతున్నాయి. హిందీ కూడా సందర్భాన్ని తోడు తెచ్చుకొని అదే పని చేస్తుంది. ఏ భాషా పేదది కాదు. ప్రతి భాషా తన సూక్ష్మతను వేరొక చోట దాచుకున్నది.

కనుక లేమిని తెలిపే ఇంగ్లీషు మాట ఎదురైనప్పుడు నిఘంటువును తెరవడానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. లేనిది ఏది? అది లేకపోవడం ఎవరికి నష్టం, ఎవరికి మేలు? ఆ లేమిని వస్తువు మీద చెబుతున్నారా, మనిషి మీదనా? ఈ మూడింటికి సమాధానం దొరికితే సరైన తెలుగు మాట దానంతట అదే దొరుకుతుంది. ఇల్లు, భూమి, చదువు లేనివారి గురించి దేశంలో ఎన్నో నివేదికలు భాషనుంచి భాషకు మారుతుంటాయి. వారికి లేనివి ఏవో చెప్పే వాక్యం వారికి ఉన్న గౌరవాన్ని తీసివేయకూడదు.