కాన్పుకు ముందు, కాన్పు తరువాత కటి నొప్పి



మర్ఖేల్, దెగ్లూరు పల్లెల్లో తెలుగు మాట్లాడే అక్కచెల్లెళ్లకు, వారి అమ్మలకు, అత్తగార్లకు ఈ నాలుగు మాటలు.

అయిదో నెలో, ఆరో నెలో దాటాక కొందరు గర్భిణులకు పక్క మీద ఒత్తిగిల్లడమే కష్టమవుతుంది. మెట్టెక్కినా, లంగా తొడుక్కుంటూ ఒంటికాలి మీద నిలబడినా పొత్తికడుపు కింద ఎముక దగ్గర కలుక్కుమంటుంది. మరికొందరికి వెనక, నడుము కింద, పిరుదుల దగ్గర సలుపుతుంది. ఇంట్లో చెబితే, "మేము కనలేదా?" అంటారు. దాంతో ఆమె నోరు మూసుకుంటుంది.

ఇది సోమరితనం కాదమ్మా. గర్భిణులలో సుమారు అయిదుగురిలో ఒకరికి ఈ కటి నొప్పి వస్తుందని వైద్యుల అంచనా. కటి ఎముకలు ఒక వలయంలా అమరి, ముందు ఒకచోట, వెనక రెండు చోట్ల కలుస్తాయి. బిడ్డ రావడానికి వీలుగా అక్కడి బంధనాలు కొంత వదులవుతాయి. ముందువైపు కీలులో 4, 5 మిల్లీమీటర్లుండే సందు మరో 2, 3 మిల్లీమీటర్లు పెరగవచ్చు. అందరికీ ఇది జరిగేదే. చుట్టూ ఉన్న కండరాలు ఆ కీళ్లను గట్టిగా పట్టి ఉంచలేనప్పుడు, బరువు ఒకే పక్క పడినప్పుడు నొప్పి పుడుతుంది. ఈ నొప్పి వల్ల కడుపులోని బిడ్డకు హాని లేదు.

దీనికి చికిత్స ఉంది. దానినే ఫిజియోథెరపీ అంటారు. అంటే వ్యాయామంతో, కదలికలను సరిదిద్దడంతో చేసే వైద్యం. అందులో కొంత ఇంట్లోనే చేసుకోవచ్చు.

పక్కకు తిరిగేటప్పుడు రెండు మోకాళ్లూ దగ్గరగా ఉంచి, ఒళ్లంతా ఒకేసారి తిప్పండి. పడుకున్నప్పుడు మోకాళ్ల మధ్య మడిచిన బొంత పెట్టుకోండి. బట్టలు కూర్చొని తొడుక్కోండి. నీళ్ల బిందె చంకన పెట్టుకోవద్దు. పత్తి ఏరేటప్పుడు ఒడి నిండేదాకా ఆగకుండా, కొంచెం కొంచెంగా ఖాళీ చేయండి.

ఇక వ్యాయామం. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలు ఉంటాయి కదా, వాటిని మెల్లగా బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. ఊపిరి బిగబట్టవద్దు. ఇలా ఒక్కో విడతకు పదిసార్లు, రోజుకు మూడు విడతలు చేయండి. మూత్రం పోసేటప్పుడు మాత్రం చేయకూడదు. నొప్పి పెరిగితే ఆపి, వైద్యులను అడగండి.

మన సరిహద్దు పల్లెల్లో భాష చిక్కు ఒకటుంది. ఆసుపత్రిలో మరాఠీలో "కంబర్ దుఖ్తే" అంటే నడుము నొప్పి అనే అర్థమవుతుంది. మాట చాలకపోతే నొప్పి ఉన్న చోటు వేలితో చూపండి. ఏ పని చేస్తే వస్తుందో చెప్పండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరిపే పథకం 2016 నుంచి ఉంది. ఆ రోజు అడగవచ్చు. ఫిజియోథెరపీకి చీటీ రాయమనండి. నడుముకు కాక, తుంటి చుట్టూ కట్టే పట్టీ కొందరికి మేలు చేస్తుంది. మీకు కావాలో లేదో వారే చెబుతారు. కాన్పుకు పుట్టింటికి, తెలంగాణ వైపు వెళ్లేవారు ఇక్కడి కార్డు, కాగితాలు వెంట తీసుకెళ్లి, ఈ నొప్పి సంగతి అక్కడి డాక్టరుకు ముందే చెప్పండి.

కాన్పయ్యాక చాలామందికి కొద్ది వారాల్లో, కొద్ది నెలల్లో నొప్పి తగ్గుతుంది. కొందరికి తగ్గదు. బాలింతకు ఊపిరాడనంత బిగించి నడికట్టు కడితే కండరాలకు బలం రాదు. మామూలు కాన్పయితే పైన చెప్పిన బిగింపు ఒకటి రెండు రోజుల్లోనే మెల్లగా మొదలుపెట్టవచ్చు. ఆపరేషన్ అయినవారు, కుట్లు ఎక్కువ పడినవారు డాక్టరును అడిగి చేయాలి. బిడ్డను ఎప్పుడూ ఒకే చంకన ఎత్తుకోవద్దు. మూడు నెలలైనా నడక సాఫీగా లేకపోతే మళ్లీ చూపించుకోండి.

అయితే రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, జ్వరం, మూత్రంలో మంట, ఒక కాలు వాచి నొప్పి చేయడం, కాళ్లు మొద్దుబారడం, నెలలు నిండక ముందే విడతలు విడతలుగా నొప్పులు, ఇవి వేరు. వ్యాయామమంటూ ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అత్తమ్మలారా, మీ కాలంలో ఈ నొప్పిని అడిగినవారు లేరు. మీరు మౌనంగా ఓర్చుకున్నారు. మీ కోడలికి ఆ అవసరం లేదు. రేపు ఆమె బిందె ఎత్తబోతే కొడుకును పిలిచి అందుకోమనండి. ఆశా కార్యకర్త వచ్చినప్పుడు కోడలి నొప్పి గురించి మీరే ముందు చెప్పండి.