మెడ నొప్పిని పాత జబ్బు ఖాతాలో వేయకండి

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అయినా ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను అడగడానికి కారణం ఉంది. మా రెండవ అబ్బాయికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. ఇప్పుడు వాడికి 46 ఏళ్లు. మన సభ్యులలో ఇటువంటి పిల్లలున్నవారు ఇంకా ఉన్నారు. పిల్లలు అంటున్నాను గాని వారూ నడివయసుకు వచ్చారు. చిన్నప్పుడు వారినెలా పెంచాలో చెప్పినవారున్నారు గాని, ఈ వయసులో వచ్చే బాధల గురించి చెప్పేవారు తక్కువ. అందులో ముఖ్యమైనది మెడ నొప్పి.

మెదడు ఎదిగే దశలో, అంటే తల్లి కడుపులోనో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొద్దికాలానికో తగిలిన దెబ్బ వల్ల వచ్చేది సెరిబ్రల్ పాల్సీ. మెదడుకు తగిలిన ఆ దెబ్బ అక్కడితో ఆగిపోతుంది, పెరగదు. ఈ ఒక్క మాట దయచేసి గుర్తుంచుకోండి. అయితే బిగుసుకుపోయిన కండరాలు, అదుపులేని కదలికలు ఏళ్ల తరబడి ఒంటిని అరగదీస్తూనే ఉంటాయి. తల, చేతులు వాటంతటవే మెలికలు తిరిగే రకాన్ని అథెటాయిడ్ అంటారు. వీరి మెడకు ఈ అరుగుదల మరీ ఎక్కువ. 1996లో జపాన్ వైద్యులు ఇటువంటి 180 మంది మెడలకు తీసిన ఎక్స్‌రేలను పరిశీలించి వివరాలు ప్రకటించారు. సగం మందికి పైగా డిస్కులు అరిగి ఉన్నాయి. మామూలు మనుషులతో పోలిస్తే ఇది 8 రెట్లు. పైగా అది చిన్న వయసులోనే మొదలై త్వరగా ముదురుతుందని తేల్చారు.

మెడలో నుంచే వెన్నుపాము కిందికి పోతుంది. డిస్కులు అరిగి, ఎముక పెరిగి ఆ దారి ఇరుకైతే వెన్నుపాము నొక్కుకుంటుంది. అసలు ప్రమాదం అక్కడ ఉంది. మూడేళ్ల క్రితం మావాడు మెడ నొప్పి అంటూ, అన్నం తినేటప్పుడు చెంచా జారవిడవడం మొదలుపెట్టాడు. చూపించిన చోట "ఈ జబ్బులో ఇవన్నీ మామూలేనండి, వయసు కూడా వస్తోంది కదా" అన్నారు. మా ఆవిడ ఒప్పుకోలేదు. "నలభై ఏళ్లు పట్టుకున్న చెంచా ఇప్పుడెందుకు జారుతోంది?" అని అడిగింది. ఆ ప్రశ్న పట్టుకునే మరొక న్యూరోసర్జన్ దగ్గరకు వెళ్లాం. ఆయన ఎం.ఆర్.ఐ. తీయించారు. కదలకుండా ఉండలేడు కనుక మత్తు ఇవ్వవలసి వచ్చింది. వెన్నుపాము నొక్కుకుపోయిందని తేలింది. ఆపరేషన్ చేశారు. నొప్పి తగ్గింది. చేతి పట్టు కొంత వచ్చింది, పూర్తిగా రాలేదు. పోయిన శక్తి అంతా తిరిగి రాకపోవచ్చుననీ, ఉన్నది పోకుండా ఆపడమే ముఖ్యమనీ, అందుకే ఆలస్యం పనికిరాదనీ డాక్టరుగారు చెప్పారు.

కనుక ఈ లక్షణాలు కొత్తగా కనిపిస్తే వెంటనే చూపించండి: చేతి పట్టు తగ్గడం, బొత్తాలు పెట్టుకోలేకపోవడం, నడక చెడడం, తరచు పడిపోవడం, కాళ్లు మునుపటికన్నా బిగుసుకోవడం, తిమ్మిర్లు, మెడ వంచితే వీపులో కరెంటు కొట్టినట్లుండడం, మూత్రం ఆగకపోవడం లేదా రాకపోవడం. మాట రానివారైతే నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, తల తిప్పనీయకపోవడం, విసుగు, ఏడుపు ఇవే వారి ఫిర్యాదు.

ప్రతి మెడ నొప్పీ ఇంత దూరం పోదు. కండరాల అలసట వల్ల వచ్చేదే ఎక్కువ. దానికి ఇంట్లో చేయదగినవి:

1. చక్రాల కుర్చీకి తల ఆనేందుకు ఆధారం అమర్చండి. నడుము సరిగా కూర్చోకపోతే మెడ నిలబడదు. ముందు సీటు సరిచేయించండి.

2. టీవీ, సెల్‌ఫోన్ కంటి ఎత్తులో, ఎదురుగా ఉంచండి. మీరు మాట్లాడేటప్పుడు కూడా ఎదురుగా కూర్చోండి. నిలబడి మాట్లాడితే వారు గంటల తరబడి తలెత్తి చూడాలి.

3. తల వెనక్కి వంచి తినిపించవద్దు. మెడకూ మంచిది కాదు, పొలమారే ప్రమాదమూ ఉంది.

4. గోరువెచ్చని కాపడం పెట్టవచ్చు. స్పర్శ సరిగా తెలియనివారికి కాలకుండా చూసుకోవాలి. వ్యాయామం ఫిజియోథెరపిస్టు నేర్పినంత వరకే చేయించండి.

5. మంగలి షాపులో గాని, మరెక్కడైనా గాని మెడ విరిపించవద్దు. ఇది కచ్చితంగా పాటించండి.

డాక్టర్లు కండరాల బిగువు తగ్గడానికి బాక్లోఫెన్ వంటి మాత్రలు, కొందరికి బొటులినం ఇంజెక్షన్లు ఇస్తారు. బాక్లోఫెన్‌ను ఉన్నట్టుండి ఆపేస్తే ప్రమాదం. ఊరికి వెళ్లేటప్పుడు మాత్రలు సరిపడా పెట్టుకోండి. నొప్పి మాత్రలు సొంతంగా రోజుల తరబడి వేయవద్దు. కడుపుకు, కిడ్నీలకు హాని.

ఖర్చు మాటకు వస్తే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కిందికి సెరిబ్రల్ పాల్సీ వస్తుంది. ఆ ట్రస్టువారి నిరామయ ఆరోగ్య బీమాలో లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు వీలుంది. చేరనివారు విచారించండి.

చివరిగా ఒక మనవి. ఆఫీసులో కొత్త అర్జీ వస్తే పాత ఫైలులో పడేసి 'చూడబడినది' అని రాసే అలవాటు కొందరికి ఉండేది. వీరి ఒంట్లో వచ్చిన కొత్త బాధకు అలా చేయనివ్వకండి. కొత్త ఫైలు తెరిపించండి. అందుకు ఆధారం కావాలి. ఒక నోటుబుక్కు తీసుకుని ఈరోజే తేదీ వేసి రాయండి: ఎంత దూరం నడుస్తాడు, ఏ చేత్తో తింటాడు, బొత్తాలు తనే పెట్టుకుంటాడా, మూత్రం సంగతి ఏమిటి, ఏ మాత్ర ఎంత. ఆరు నెలలకొకసారి మళ్లీ రాయండి. తేడా వస్తే ఆ పుస్తకం డాక్టరు ముందు పెట్టండి.

మనకు డెబ్బై దాటాయి. రేపు వారిని చూసుకునేది అన్నదమ్ములో, అక్కచెల్లెళ్లో, మరెవరో. నలభై ఏళ్లుగా మన మనసులో ఉన్న లెక్క వారికి తెలియదు. కాగితం మీద ఉంటే తెలుస్తుంది. ఛార్జి అప్పగించేటప్పుడు రిజిస్టర్లన్నీ సరిచూసి ఇచ్చినవాళ్లం మనం. ఇదీ అంతే.