పోలిక అయ్యగారిది, అర్థం మనది



ఆదివారం గుడిలో మనం వినేది సగం పోలికలే. కాపరి, గొర్రె, కాడి, ఉప్పు. వీటికి అర్థం చెప్పడం అయ్యగారి పని, తలూపడం మన పని అనుకుంటూ వచ్చాం. అది నిజం కాదు. చెప్పే నోరు ఒక్కటే అయినా వినే చెవుల వెనక మన బతుకులున్నాయి.

కాడి సంగతే చూడండి. తన కాడి తేలికని యేసు చెప్పాడు. ఓర్పుగా, విధేయంగా ఉండమని దానికి అర్థం చెప్తారు. కానీ జీతానికుండి అరక దున్నినోడికి కాడి అంటే ఎద్దు మెడమీద పుండు. 'అట్లయితే ఆసామి వేసిన కాడి దించమనే గదా?' అని అడుగుతాడు. ఇది తెలివితక్కువ ప్రశ్న కాదు. కష్టపడి భారం మోసేవాళ్లను పిలిచి చెప్పిన మాట అది. మోసేవాడికే ముందు అందింది.

పేతురు దర్శనం ఇంకోటి. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయం. ఆకాశం నుంచి దుప్పటి దిగింది, దాన్నిండా జంతువులు. అవి అన్యజనులకు గుర్తు అని చెప్పి ప్రసంగం ముగిస్తారు. అప్పుడు పేతురు ఎవరింట్లో ఉన్నాడు? యొప్పేలో సీమోను అనే చర్మకారుని ఇంట్లో. లంద వాసన తెలిసిన మనం ఆ ఇంటిని ఎట్లా మరిచిపోతాం? ఏ మనిషినీ మైలవాడు అనకూడదని పేతురే ఆ పోలిక విప్పి చెప్పాడు. 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల బేరం చేసిన మాదిగే. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లు ఉత్త చెవులతో వచ్చినోళ్లు కాదు.

సంఘం ఒకే శరీరమంటారు. ముందు వరసలో కూర్చున్నోళ్లకు, కాలు కాలుగానే ఉండాలని వినపడుతుంది. మనకు, కాలికి ముల్లు గుచ్చుకుంటే తలకీ నొప్పి తెలియాలని వినపడుతుంది. ఒకే పోలిక, రెండు వినికిళ్లు. సర్కారు వినికిడి మూడోది. క్రైస్తవంలో కులం లేదన్న మాట పట్టుకుని, మతం మారినోళ్లను 1950 ఉత్తర్వు ఎస్సీ జాబితా బయట ఉంచింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను నేటికీ చేర్చలేదు. కులం లేకుండా ఉండాలన్నది మన ఆశ. దాన్ని జరిగిపోయిన సంగతిగా రాసుకున్నారు. గుడి దాటగానే ఊరు మనల్ని ఏ పేరుతో పిలుస్తుందో వాళ్లు వినలేదు.

కాబట్టి ప్రసంగం అయ్యాక చెట్టు కింద కాసేపు కూర్చుందాం. ఈ పోలిక ఎవరి పనిలోంచి వచ్చింది? చెప్పిన అర్థం ఎవరి బరువు దించుతుంది, ఎవరి మెడకు చుట్టుకుంటుంది? ఈ రెండూ అడుగుదాం. ఆడవాళ్లను ముందు మాట్లాడనిద్దాం. అడిగేవాళ్లున్నారని తెలిస్తే, వచ్చే ఆదివారం అయ్యగారు కూడా పల్లెవైపు చూసి మాట్లాడతారు.