మేఘారణ్యమున సాలమాండరు

మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశమున కుచుమతానెస్ అను పర్వతపంక్తి కలదు. దాని వాలులందు కొన్నిచోట్ల మబ్బులు తరచు చెట్ల నడుమనే నిలిచియుండును. వాన లేని వేళలందును ఆకుల కొనలనుండి నీరు రాలుచుండును. ఇట్టి అడవులను మేఘారణ్యములందురు. ఆ తడిలో బ్రతుకు ఒక చిన్న ప్రాణికి వచ్చిన ఆపదలనుగూర్చి మేము మనవి చేయుదుము.

దాని పేరు సాలమాండరు. రూపమున బల్లిని పోలినను అది కప్పకు చుట్టము. ఈ కుటుంబమువానికి ఊపిరితిత్తులు లేవు. తడిసిన చర్మముద్వారా ప్రాణవాయువును గ్రహించును. చర్మ మారినచో ప్రాణము నిలువదు. చెట్లు నరికి ఎండ సోకనిచ్చినచో దానికి ఊపిరి లేకుండ చేసినట్లే.

1975లో పాల్ ఎలియాస్, జెరెమీ జాక్సన్ అను అమెరికనులు ఈ కొండలలో పసిడివన్నె సాలమాండరును కనుగొనిరి. దానికి జాక్సన్ పేరు పెట్టబడెను. పిమ్మట 42 సంవత్సరములు అది ఎవ్వరి కంటను పడలేదు. ఇంతలో ఆ అడవికి కాఫీతోటల ముప్పు వాటిల్లెను. 2015లో ప్రకృతి సంరక్షణ సంస్థలు కలిసి ఆ భూమిని కొని రక్షితవనము చేసెను. 2017 అక్టోబరులో ఆ వనపు కావలివాడే దాని పిల్లను తిరిగి చూచెను. భూమి చేయిజారియుండినచో ఈ శుభవార్త మనకు చేరునా?

అయినను కంచె అన్ని ఆపదలను ఆపజాలదు. రోవిటో మున్నగు శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిన పరిశీలన ననుసరించి, పశ్చిమ గ్వాటెమాలాలో బాగుగా రక్షింపబడిన చోట్లను సయితము ఒకప్పుడు విరివిగా నుండిన సాలమాండరులు చాలవరకు మాయమైనవి. చర్మమునకు సోకు కైట్రిడ్ అను శిలీంధ్రమొక కారణమని పలువురి అభిప్రాయము. వస్తుప్రదర్శనశాలలలో భద్రపరచిన ప్రాణుల చర్మములను పరీక్షింపగా, ఇవి తరిగిన కాలముననే ఆ శిలీంధ్రము అచ్చట ప్రవేశించినట్లు 2011లో వెల్లడియయ్యెను.

మూడవ ఆపద భూతాపము. గాలి వేడెక్కినకొలది మబ్బులు పైపైకి పోవును. చల్లదనమును వెదకుచు ప్రాణియు పైకి ప్రాకవలెను. శిఖరము దాటిన పిదప దానికి చోటు లేదు.

తెగులును, తాపమును ఒక గ్రామమో, ఒక దేశమో నివారింపలేదు. గొడ్డలిని మాత్రము ఆపవచ్చును. మబ్బులనుండి నీటిని దించి దిగువ వాగుల కందించునవి ఆ చెట్లే. వానిని నిలిపినచో సాలమాండరుకు నీడయు, లోయలోని జనులకు నీరును దక్కును.