పారే నీటికి బొమ్మ



ఆత్మకూరు దగ్గరి సంగమేశ్వరం మీలో చాలామంది చూసే ఉంటారు. వేసవిలో శ్రీశైలం జలాశయం తగ్గితే గుడి బయటపడుతుంది. వరదొస్తే శిఖరంతో సహా మునిగిపోతుంది. నీరెంత ఉందో ఎవరూ అంకెల్లో చెప్పనక్కర్లేదు, గుడిని చూస్తే చాలు.

ఇప్పుడైతే నీటిమట్టం, వచ్చే నీరు, వదిలే నీరు ఎప్పటికప్పుడు అంకెలుగా అందుతున్నాయి. ఆగకుండా వచ్చిపడే ఆ అంకెలను కంప్యూటరు తెరమీద బొమ్మగా మలచడం ఒక విద్య. రాష్ట్ర జలవనరుల శాఖ వెబ్‌సైటులో జలాశయాల వివరాలు అలా చూడవచ్చు.

బొమ్మ ఎందుకంటారా? పొయ్యిమీది పాలనే తీసుకోండి. గిన్నెలో ఎంతున్నాయని కాదుగదా మనం చూసేది, ఎంత జోరుగా పొంగుతున్నాయని! శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. ఇవాళ 880 అన్నారనుకోండి. పెరుగుతోందా, తగ్గుతోందా? ఆ ఒక్క అంకె చెప్పదు. గడిచిన రోజంతా గీతగా గీసి, కొత్త అంకె వచ్చినప్పుడల్లా పాతదాన్ని ఎడమకు జరిపితే ఏటవాలే చెబుతుంది. 2009 అక్టోబరులో కర్నూలు నగరం మునిగిన వరదకు ఈ మట్టం 896 అడుగులు దాటింది. అలాంటి రాత్రి సామాను మేడెక్కించాలా, పిల్లల్ని తీసుకుని బయటపడాలా అని తేల్చుకోవలసిన ఇల్లాలికి లెక్కలు వేసే తీరిక ఎక్కడిది?

కొందరు గిర్రున తిరిగే ముళ్లు, ఏడు రంగులు పెట్టి మురిసిపోతారు. నాకైతే నచ్చదు. దానికన్నా 885 దగ్గర ఒక ఎర్రగీత గీస్తే మేలు. కొలత కూడా కదలకుండా ఉండాలి. అంకె మారినప్పుడల్లా తెర తనంతట తానే కొలత మార్చుకుంటే అరడుగు నీరు కూడా ప్రళయంలా కనిపిస్తుంది, అసలు ప్రళయం అరడుగులా కనిపిస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం మరొకటుంది. పిడుగుపడో, కరెంటు పోయో పరికరం మూగబోతుంది. బొమ్మ చేసినవాళ్లు ఆ సంగతి ఆలోచించకపోతే తెర చివరి అంకెనే పట్టుకుని గీతను అడ్డంగా సాగదీస్తుంది. చూసేవాళ్లు నీళ్లు నిలకడగా ఉన్నాయనుకుని నిద్రపోతారు. అంకె రానిచోట గీత తెగిపోవాలి. చివరి కబురు ఎన్నింటికి వచ్చిందో పెద్ద అక్షరాల్లో కనబడాలి.

ఈసారి వరదల్లో ఫోనులో మట్టం చూసేటప్పుడు ముందు ఆ టైము చూడండి. ఆ తరవాతే అంకె.